ముఱ్ఱుపాలు పాఱబోయవలదు

పసిబిడ్డ ప్రేవులలో సూక్ష్మజీవులు కాపురముండునన్న కొందఱు జడియుదురు. అవి యన్నియు శత్రువులు గావు. పాలను పెరుగుగా తోడుపెట్టు జీవులవంటి మిత్రులును వానిలో గలవు. ఆ మిత్రులు ముందుగా చోటు చేసికొన్నచో రోగకారకములకు తావు దొరకుట కష్టము. తల్లిపాలలోని కొన్ని చక్కెరలు శిశువునకు జీర్ణము గావు. అవి యీ మిత్రులకే యాహారము.

మన ఇచ్ఛాపురము దాటినంతనే వచ్చు ఒడిశాలో డాక్టరు పినాకి పాణిగ్రాహిగారును తోడివారును 149 గ్రామములందలి 4,556 శిశువులతో నొక పరీక్ష సల్పిరి. సగముమందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అను సూక్ష్మజీవిని, దాని కాహారమగు చక్కెరతో గలిపి, 7 దినము లిచ్చిరి. తక్కినవారికి వట్టి పొడి నిచ్చిరి. 2 నెలలలో రక్తము విషమగు జబ్బో మరణమో సంభవించినది వట్టి పొడి పక్షమున వేయికి 90 మందికి, మందు పక్షమున 54 మందికి. ఈ ఫలితము 2017లో 'నేచర్' పత్రికయందు వెలువడెను.

అట్లని అంగడిపొడులు కొని పోయుట తగదు. ఆ శిశువులు 2 కిలోలకు తక్కువ గానివారు, తల్లిపాలు త్రాగువారు. నెలలు నిండక పుట్టినవారికి ప్రేవులు కుళ్లు వ్యాధి వచ్చుట కలదు. దాని నివారణకై కొన్ని ఆస్పత్రులలో నిట్టి జీవుల నిచ్చుటయు గలదు. కాని వానివలననే రక్తము విషమై యొక శిశువు మరణింపగా, 2023లో అమెరికా ఔషధశాఖ వైద్యులను హెచ్చరించెను. కావున నిది వైద్యుడు నిర్ణయింపవలసిన పని.

తల్లి చేయదగినది వేఱు: పుట్టిన గంటలోపల ముఱ్ఱుపాలు పట్టుట, 6 నెలలు తన పాలే యిచ్చుట. కొన్ని యిండ్లలో ముఱ్ఱుపాలు పిండి పాఱబోసి, తేనెయో పంచదారనీరో ఆముదమో నాకింతురు. ఇది ప్రేమతో చేయు నపకారమని మా యభిప్రాయము.

విద్యార్థులారా, పురుటింట పెద్దల మాటయే చెల్లును. కావున మీ అమ్మమ్మలకును నాయనమ్మలకును ఈ సంగతి వినయముతో విన్నవింపుడు.