సున్నిపిండి వేరు, సీరము వేరు

మన సంఘమున సభ జరిగినప్పుడెల్ల పూర్వుల ఆచారములను పొగడుట పరిపాటియైనది. పొగడుటలో దోషము లేదు. కాని పొగడువాడు ఆ ఆచారమును తుదిముట్ట ఎరిగియుండవలెను. ఎరిగినదానిని కొలతతో సహా చెప్పవలెను. ఈ రెండును చేయని పొగడ్తవలన ఒక యింట ఒక యాడపిల్ల మొగము కాలినది. ఆ యిల్లు నాది. ఆ పొగడ్తయు నాదే. కావున ఈ వ్యాసమున నేను ఖండింపబూనిన వారిలో మొదటివాడను నేనే యని చదువరులు గ్రహింతురు గాక.

మాది బరంపురము. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు ఈ పట్టణము మదరాసు రాజధానినుండి విడివడి అందులో చేరినది. మా పెద్దలు ఇల్లు కదలకయే పరరాష్ట్రవాసులైరి. ఆనాటినుండి మా యిండ్లలో తెలుగు నిలిచినదన్న, బడులవలన నిలిచినదానికంటె వంటయింటివలనను, పెండ్లిపందిరివలనను, పండుగ తలంట్లవలనను నిలిచినది యెక్కువ. నలుగు, సున్నిపిండి అను మాటలు చెవిని బడినంతనే మాకు గుండె పొంగును. షోలాపురము, బళ్లారి, యానాములలోని మన వారికిని అట్లే యుండును.

రెండేండ్ల క్రిందట ఉగాది సభలో నేను ఆ పొంగులోనే మాటలాడితిని. మన తాతమ్మలు ఏ సీసాలు కొనిరని, బావంచాలు, కచ్చూరాలు, పసుపు, నిమ్మతొక్కలు, కలబంద ఇవియే గదా వారి చర్మమును ఎనుబదియేండ్ల వరకు కాపాడినవని, ముడుతలు పోగొట్టుటకు వేలరూపాయలు పోయువారిని చూచి జాలిపడవలెనని చెప్పితిని. చప్పట్లు మ్రోగినవి. ఆ సభలో మా కుమార్తె కుమార్తె కూర్చుండియున్నది.

ఆమెకు ఇరువదిమూడేండ్లు. దినమెల్ల కంప్యూటరు ముందు పని. మొగము ఎండిపోవుచున్నదని, కంటిక్రింద సన్నని గీతలు వచ్చుచున్నవని ఆమె దిగులు. నా యుపన్యాసము వినిన పిమ్మట తానే యింట సీరము చేసికొన్నది. బావంచాలు దంచి, నువ్వులనూనెలో వారము దినములు నాననిచ్చి, వడగట్టి, అందు నిమ్మరసమును కలబంద గుజ్జును కలిపినది. నూనెయు రసమును కలియవు గనుక ప్రతిమారు సీసా కుదిపి, రాత్రి పండుకొనబోవునప్పుడును, ఉదయము స్కూటరుపై పనికి పోవునప్పుడును మొగమునకు రాచుకొన్నది. పదిదినములలో చెంపలు ఎఱ్ఱబారి, మండి, పొక్కులెక్కినవి. పొక్కులు మానిన చోట నల్లని మచ్చలు నెలల తరబడి నిలిచినవి. చర్మవైద్యుడు సీసా చూచి, “ఇది ఎవరు చెప్పారమ్మా?” అని యడిగెను. పిల్ల తల వంచుకొని, “తాతగారు సభలో చెప్పారండీ” అనెను. ముప్పదియైదేండ్లు గుమాస్తాగిరి చేసి ఎన్నో సంజాయిషీలు వ్రాసితిని. ఆనాడు నాకు ఒక్క మాటయు పెగలలేదు.

వైద్యుడు చెప్పినదానిని సంగ్రహముగా వ్రాయుచున్నాను. బావంచాలలో సోరాలెన్ అను పదార్థము కలదు. అది చర్మమునబడి, పైన ఎండ తగిలినచో, ఎండలోని అతినీలలోహిత కిరణములకు చర్మము మామూలుకంటె మిక్కిలి తీవ్రముగా లోబడును. బొల్లి మచ్చలకు రంగు తెప్పించుటకు వైద్యులు దీనిని వాడుట ఆ గుణమును బట్టియే. అదియును మోతాదు కట్టి, ఎండను నిమిషములలో కొలిచి. నిమ్మజాతి పండ్లలోను ఈ తెగ పదార్థములు కలవు. దానికి తోడు వాటి పులుపు చర్మమునకు సహజముగా నుండవలసిన పులుపుకంటె ఎన్నో రెట్లు మించినది. ఈ రెంటిని రాచుకొని ఎండలో స్కూటరు నడిపినచో చర్మము కాలక యేమగును?

అయినచో మన తాతమ్మల మొగములు ఏల కాలలేదు? ఇదియే అసలు ప్రశ్న. దీనికి ఉత్తరము మా యింటనే యున్నది, నేను అడుగలేదు. ఆ రాత్రి నా భార్య నాతో ననిన మాటలివి: “ఏమండీ, మీరు ఎన్నడైనా సున్నిపిండి దంచారా? మా అమ్మ కుంచెడు పెసలకు, సెనగలకు కలిపి బావంచాలు పిడికెడు వేసేది. ముందు ఒంటికి నూనె పట్టించి, తరువాత నలిచి, పావుగంట కాకముందే నీళ్లు పోసేది. ఆరిపోనిస్తే కేకలు వేసేది. సభలో నన్నెవరైనా అడిగారా?”

ఈ నాలుగు మాటలలో శాస్త్రమంతయు ఉన్నది. సున్నిపిండి కడిగివేయునది, సీరము నిలిపియుంచునది. పిండిలో చెదరిన పిడికెడు గింజలు నూనెపూతమీద పావుగంట తగిలి నీళ్లలో పోవుట వేరు. అవే గింజల సారమును నూనెలోనికి లాగి, రేయింబవళ్లు మొగముపై ఉంచుట వేరు. పేరు ఒక్కటియైనంత మాత్రమున పని ఒక్కటి కాదు.

ఇక నా యభిప్రాయమును కాదనువారికి సమాధానము చెప్పవలసియున్నది.

“ప్రకృతిసిద్ధమైనది హాని చేయదు” అని యువజనులందురు. జీడిగింజ ప్రకృతిసిద్ధమే, దాని రసముతో చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టెడివారు, అదియే ఒంటికి తగిలిన పుండు పడును. జిల్లేడు పాలు ప్రకృతిసిద్ధమే. కంటబడినచో ఏమగునో పల్లెటూరి పసివాడెరుగును. చెట్టునుండి వచ్చినదను మాట ఒక వస్తువు పుట్టుకను చెప్పును గాని గుణమును చెప్పదు.

“పూర్వులకు అన్నియు తెలియును” అని నా యీడువారందురు. తెలియును, కనుకనే వారు కడిగివేసిరి. మనము వారి గింజలను ఉంచుకొని వారి నీళ్లను పారబోసితిమి. బావంచాలనుండి బకూచియోల్ అను పదార్థమును భారతీయ రసాయనవేత్తలు 1966లో వేరుచేసి ప్రకటించిరి. నేడు అది ముడుతలకు మందని ప్రియమైన సీసాలలో అమ్ముడగుచున్నది. దీనిని చూపి, “చూచితిరా, మన సున్నిపిండినే వారు అమ్ముచున్నారు” అని చంకలు కొట్టుకొనువారు కలరు. అయ్యలారా, ప్రయోగశాలలో సోరాలెన్ తొలగించి బకూచియోలును వేరుగా తీయుదురు. రోటిలో దంచినచో ఆ రెండును కలిసియే వచ్చును.

“వయసు కనబడనీయకుము” అని వర్తకులందురు. వీరు ముదిమిని రోగముగా చూపి, ఇరువదియేండ్ల పిల్లను భయపెట్టుచున్నారు. వారి సీసాలన్నియు మోసమని నేననను. నేడు మిక్కిలి పేరు మోసిన హయలురోనిక్ ఆమ్లమును 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అను శాస్త్రజ్ఞులు ఆవుకంటినుండి తీసిరి. అది తేమను పట్టియుంచును, నిజము. కాని మొగము ఎండిపోకుండ కాచుటయే కావలసినచో, ఆ పని చాలవరకు మందులకొట్టులో చవకగా దొరకు గ్లిసరిన్ చేయును.

కావున ఇంట చేసికొనదగినది ఒక్కటి చెప్పెదను. ఈమారు కొలతతో చెప్పెదను. మందులకొట్టున దొరకు శుద్ధమైన గ్లిసరిన్ తేవలెను. సీసాపై ఐ.పి. అను అక్షరములుండవలెను, అవి 1955లో మొదటి కూర్పు వెలువడిన ఇండియన్ ఫార్మకోపియా ప్రమాణమునకు గుర్తు. ఇది ఒక పాలు, వేరే సువాసనలు, రంగులు కలుపని పన్నీరు తొమ్మిది పాళ్లు. పన్నీరు పడనివారు కాచి చల్లార్చిన నీటిని వాడవచ్చును. చిన్న చెంచాతో గ్లిసరిన్ అర చెంచా, పన్నీరు నాలుగున్నర చెంచాలు వారమునకు చాలును. సీసాను మరిగిన నీటితో కడిగి ఆరబెట్టవలెను. శీతలపేటికలో ఉంచవలెను. వారము కాగానే మిగిలినది పారబోయవలెను. ఇంట కలిపిన నీటిసరుకులో కంటికి కనబడకయే క్రిములు పెరుగును, పాడైనదని వాసన చెప్పువరకు ఆగరాదు. కలబంద గుజ్జు ఇంకను త్వరగా చెడును. దాని తొక్కక్రింది పసుపుపచ్చని జిగురు దురద పుట్టించును. కనుక దానిని సీసాలో కలుపకుండుటయే మేలు.

ముందుగా మోచేతి లోపలివైపున రాచి రెండు దినములు చూడవలెను. దురద, ఎఱుపు లేనిచో, మొగము కడిగి తడి పూర్తిగా ఆరకముందే మూడు నాలుగు చుక్కలు అద్దవలెను. గ్లిసరినును నీరు కలుపకుండ పూయరాదు. అది చుట్టునున్న తేమను లాగికొను స్వభావము గలది. బరంపురము, యానాము వంటి తేమగాలి ఊళ్లలో గాలినుండి లాగును, ఇంతే చాలును. షోలాపురము, బళ్లారి వంటి పొడిగాలి ఊళ్లలో, అందును చలికాలమున, గాలిలో తేమ లేక చర్మమునుండియే లాగవచ్చును. కావున అక్కడివారు దానిపై రెండు చుక్కల నువ్వులనూనె పలుచగా రాచి మూతవేయవలెను. మొటిమలు గలవారు నూనె మానవలెను. ఇతరుల ఊరి చిట్కాను మన ఊరికి తెచ్చునప్పుడు గాలిని కూడ విచారింపవలెనని దీనివలన తెలియుచున్నది.

ఇది వయసును తగ్గించునా? తగ్గింపదు. తేమ నిండిన చర్మముపై సన్నని గీతలు కొన్ని గంటలు కనబడకుండును, అంతే. ముడుతలను, మచ్చలను తొందరపెట్టువానిలో మొదటిది ఎండ, మరియొకటి పొగత్రాగుట. ఎండకు గొడుగో, తలపై కొంగో, వైద్యులు చెప్పు ఎండకాపు లేపనమో వలయును. ముడుతలపై నిజముగా పనిచేయు మందులలో ట్రెటినాయిన్ అను ఎ-విటమిను జాతి మందు ప్రసిద్ధము. అది వైద్యుని చేతిలోనిది, గర్భిణులు వాడరానిది, వంటయింట కలుపరానిది.

ఇప్పుడు పెద్దలకు నా మనవి. కచేరీలో దస్త్రమునకు నకలు తీయునప్పుడు శీర్షికను మాత్రము అందముగా ఎత్తివ్రాసి, జతపరచిన కాగితములను విడిచిన గుమాస్తాకు శిక్ష తప్పదు. పరరాష్ట్రములలోని మన సంఘములు ఆ తప్పునే చేయుచున్నవి. నలుగు, సున్నిపిండి, తలంటు అను శీర్షికలను పిల్లలకు అందించుచున్నాము. కొలతలను, వ్యవధులను, నిషేధములను విడిచిపెట్టుచున్నాము. పిల్లలు ఆ ఖాళీలను తమకు తోచినదానితో నింపుకొందురు. హాని జరిగినప్పుడు నింద వారిపై వేయుట న్యాయము కాదు. ఎరిగినవారు మన యిండ్లలోని స్త్రీలు. వేదికపై మాటలాడువారు ఎన్నడును రోలు ముట్టని మావంటి పురుషులు. దీనిని మార్చవలెను. ప్రతి సంఘమును తన ఊరి పెద్దముత్తైదువలను, అవ్వలను అడిగి, ఏది ఎంత, ఎంతసేపు, ఎవరికి కూడదు అని తెలుగులో వ్రాయించి పెట్టుకొనవలెను. వారికి తెలియనిచోట వైద్యుని అడుగవలెను.

మా మనుమరాలి చెంపలపై మచ్చలు చాలవరకు తగ్గినవి. ఎడమ చెంపపై ఒక్క నీడ మిగిలియున్నది. మరుసటి ఉగాది సభలో నేను లేచి, కడచిన యేడు నేను చెప్పినది తప్పని చెప్పితిని. ఈమారు చప్పట్లు మ్రోగలేదు. నా తరువాత నా భార్య వేదికనెక్కి, కుంచెడు పిండికి ఎన్ని బావంచాలో, నీళ్లెప్పుడు పోయవలెనో చెప్పెను. వెనుక వరుసలోని ఆడపిల్లలు వ్రాసికొనిరి. వారిలో మా మనుమరాలును ఉండెను.