అన్నిటికంటె పల్లమైన చోటు



భూమి మీద అన్నిటికంటె ఎత్తైన చోటు ఏది అని సండేస్కూలు పిల్లలను అడిగితే ఎవరెస్టు శిఖరమని వెంటనే చెప్పుదురు. దాని ఎత్తు 8,849 మీటర్లు. మరి ఆరిన నేల మీద అన్నిటికంటె పల్లమైన చోటు ఏది? దాని పేరు మన బైబిలులోనే, ఆదికాండము 14వ అధ్యాయములోనే ఉన్నది. అది ఉప్పు సముద్రము. లోకమంతా దానిని మృత సముద్రమని పిలుచును. దాని తీరము మామూలు సముద్ర మట్టము కంటె 430 మీటర్లకు పైగా దిగువన ఉన్నది. పది తాడిచెట్లను ఒకదానిపై ఒకటి నిలిపినను ఆ గుంటలో నుండి సముద్ర మట్టమునకు అందవు.

అరేబియా వైపు నేల, దాని పడమటి వైపు నేల ఒకదాని ప్రక్కగా ఒకటి లక్షల సంవత్సరములుగా జరుగుచుండగా, నడుమనున్న భాగము క్రుంగిపోయి ఈ లోయ ఏర్పడినది. యొర్దాను నది 2,814 మీటర్ల ఎత్తుగల హెర్మోను కొండ మంచునీటితో బయలుదేరి, గలిలయ సముద్రములో చేరి, అక్కడ నుండి దిగి ఈ ఉప్పు సముద్రములో పడును. ఆ తరువాత నీటికి దారి లేదు. ఎండకు నీరు ఆవిరియై పోవును, ఉప్పు మిగులును. మామూలు సముద్రములో కిలో నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండగా, ఇక్కడ సుమారు 340 గ్రాములున్నది. నది కొట్టుకొని వచ్చిన చేప అందులో బ్రతకదు. ఈత రానివాడు కూడా నీటి మీద తేలును.

ఈ రెండు సముద్రములను గూర్చిన ప్రసంగము మీలో చాలామంది విని యుందురు. గలిలయ సముద్రము పుచ్చుకొని ఇచ్చును గనుక జీవముతో ఉన్నది, ఉప్పు సముద్రము పుచ్చుకొనునే గాని ఇయ్యదు గనుక చచ్చినది అని చెప్పుట బోధకులకు అలవాటు. మేమును అనేక పర్యాయములు అలాగే బోధించితిమి. ఒక కోతపండుగనాడు కానుకలు తక్కువగా వచ్చినవని ఈ మాటనే కొంచెము గట్టిగా చెప్పితిమి. ఆరాధన అయిన తరువాత, కాలువ చివర ఎకరము చేను గల ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చి నిలుచున్నాడు. ఆ యేడు ఆయన పైరు నీరందక ఎండిపోయినది.

"అయ్యగారూ, ఆ సముద్రం అన్నిటికన్నా పల్లాన ఉందన్నారు గదా. పల్లానికి ఇంకా పల్లం ఎక్కడుంటాది? అదెవరికి ఇస్తాది? పైనోళ్ళు వదిల్తేనే గదా కిందికి నీళ్ళొచ్చేది" అన్నాడు.

మాకు జవాబు తోచలేదు. ఇంటికి పోయి పుస్తకములు తెరచితిమి. చదివిన కొలది, మేము ఆ సముద్రము మీద మోపిన నేరము సరియైనది కాదని తెలిసినది.

మొదటిది, అది ఇచ్చుచునే ఉన్నది. దాని నీటిని మడులలో ఎండబెట్టి ఇటు ఇశ్రాయేలువారు, అటు జోర్దాను దేశమువారు పొటాష్ తీయుచున్నారు. మన దేశము తనకు కావలసిన పొటాష్‌ను దాదాపు పూర్తిగా బయటి నుండి తెచ్చుకొనును, ఆ అమ్మువారిలో ఈ రెండు దేశములును ఉన్నవి. మన రైతు వరిచేలో చల్లిన పొటాష్ బస్తా ఆ చచ్చిన సముద్రము ఇచ్చినదే కావచ్చును.

రెండవది, అందులో జీవము లేదనుటయు నిజము కాదు. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ ఉప్పునీటిలో బ్రతుకుచున్నవని 1936లోనే శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

మూడవది మనలను భయపెట్టవలసిన సంగతి. ఆ సముద్రము నేడు ఎండిపోవుచున్నది. ఏటేటా దాని నీటిమట్టము ఒక మీటరుకు పైగా పడిపోవుచున్నది. ఎందుకనగా యొర్దాను నీటిని, దాని ఉపనదియైన యర్మూకు నీటిని ఇశ్రాయేలు, జోర్దాను, సిరియా దేశములు పైననే మళ్ళించుకొనుచున్నవి. 1964లో ఇశ్రాయేలువారు గలిలయ నీటిని దూర ప్రాంతములకు పంపు పెద్ద ఏర్పాటు ప్రారంభించిరి. ఒకప్పుడు నిండుగా పారిన యొర్దానులో నేడు చివరకు చేరునది బహు కొంచెము. ఎండబెట్టు మడులకు తోడుకొనుట వలన కూడా సముద్రము తగ్గుచున్నది. ఉప్పునీరు వెనుకకు పోయిన చోట మంచినీరు భూమిలోనికి దిగి, అడుగునున్న ఉప్పు పొరను కరగించుచున్నది. పైనేల ఒక్కసారిగా కూలి గోతులు పడుచున్నవి. అట్టి గోతులు వేలకొలది ఉన్నవి. వాటి వలన కొన్ని స్నానపు తీరములను మూసివేసిరి.

చూడండి, దాని కష్టము అది ఇయ్యనందున వచ్చినది కాదు. పైనుండి రావలసినది రానందున వచ్చినది. పైవారికి దాహము లేదని మేము అనుటలేదు. వారికిని పొలములున్నవి, పిల్లలున్నారు. అయితే ప్రతివాడు తన అవసరమే చూచుకొనినప్పుడు చివరివానికి మిగులునది గొయ్యి మాత్రమే.

యెహెజ్కేలు ప్రవక్త 47వ అధ్యాయములో ఈ సముద్రమునే చూచెను. మందిరపు గడప క్రింద నుండి బయలుదేరిన ఏరు తూర్పునకు పారి ఇందులో పడగా నీరు బాగగును, ఏన్గెదీ తీరమున చేపలు పట్టువారు నిలుచుందురు అని ఆయనకు తెలియజేయబడెను. దేవుడు ఆ సముద్రమును ఎందుకు ఇయ్యలేదని అడుగలేదు. దానికి నీరు పంపెను. ఆ నీరు బయలుదేరినది మందిరము నుండియే.

మరుసటి ఆదివారము మేము ఆ పెద్దాయనను సంఘము ఎదుట క్షమాపణ అడిగితిమి. కోతపండుగలో వచ్చిన ధాన్యములో కొంత, పంట దక్కని ఇండ్లకు పంపుటకు పెద్దలు ఒప్పుకొనిరి. అది నేటికిని జరుగుచున్నది.

ప్రియులారా, ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో ఒక్క సంగతి ఆలోచించుడి. మన కాలువకు చివర ఎవరి చేను ఉన్నది? మనము త్రాగిన తరువాత వారి వరకు ఎంత చేరుచున్నది? ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.