గోడెక్కిన టీవీ... మెడకు చుట్టుకోకుండా!

కొత్త టీవీ ఇంటికొచ్చింది. డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని కుర్రాడు హాల్లో నిలబడ్డాడు. ‘ఎక్కడ బిగించమంటారండీ?’ అనడిగాడు. ‘అదిగో, అక్కడ’ అంటూ ఇంటాయన గోడ వైపు చెయ్యి చూపించాడు. ‘ఇంకాస్త పైకి. పిల్లలకు అందకూడదు’ అంది ఆవిడ. ‘ఆ క్యాలెండర్ మేకు దగ్గర పెట్టిస్తే సరి’ అని మామగారి సలహా. అయిదు నిమిషాల్లో చర్చ ముగిసింది. గోడకు నాలుగు రంధ్రాలు పడ్డాయి. ఇక ఏడెనిమిదేళ్లపాటు ఆ ఇంటిల్లిపాదీ తలెత్తి చూడాల్సింది ఆ అయిదు నిమిషాల నిర్ణయాన్నే!

గమనించారా... ఆ మాటల్లో గోడ ఉంది, మేకు ఉంది, పిల్లల చెయ్యి ఉంది. చూసేవాళ్ల కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయన్న ఊసే లేదు. ఎత్తు నిర్ణయించింది నిలబడి. రోజూ చూడబోయేది కూర్చుని. చిక్కంతా అక్కడే!

బల్ల మీంచి గోడ మీదికి

వెనకటి రోజుల్లో ఈ సమస్యే లేదు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైనప్పటి టీవీ అంటే బరువైన పెట్టె. మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీ అయినా, మరొకటైనా... ఇద్దరు పట్టుకుంటేగానీ కదిలేది కాదు. దాన్ని మోయగలిగింది బల్ల ఒక్కటే. కాబట్టి ఎత్తు దానంతటదే కుదిరిపోయేది. 1987లో ‘రామాయణ్’ మొదలయ్యాక ఆదివారం పొద్దున్నే వీధి వీధంతా ఒకే ఇంట్లో చాపలేసుకుని కూర్చున్నా, కుర్చీలో పెద్దాయనకీ చాపమీది పిల్లాడికీ మెడ నొప్పి పుట్టలేదు.

తెర పల్చబడింది. బరువు తగ్గింది. క్యాలెండర్‌లా ఎక్కడ పడితే అక్కడ తగిలించుకునే వీలొచ్చింది. సరిగ్గా అప్పుడే మనం బస్టాండునూ, హోటలునూ చూసి నేర్చుకున్నాం. అక్కడ టీవీ పైన ఉండటానికి కారణం ఉంది. జనం నిలబడి ఉంటారు, ఒకరి తల ఇంకొకరికి అడ్డొస్తుంది. పది నిమిషాలు చూసి వెళ్లిపోతారు. మన హాల్లో ఆ రద్దీ లేదుగా! పైగా మనం కూర్చునేది పది నిమిషాలు కాదు, సినిమా అయితే రెండున్నర గంటలు.

మెడ మోసే బరువు

మన తల బరువు దాదాపు అయిదు కిలోలు. అది వెన్నెముక మీద నిటారుగా ఉన్నంతసేపూ ఆ బరువు మనకు తెలియదు. గడ్డం పైకెత్తి అదేపనిగా చూస్తుంటే మెడ వెనక కండరాలు బిగుసుకుపోతాయి. లేవగానే పట్టేసినట్టుంటుంది. ‘తలగడ పడలేదు’ అనుకుంటాం. తప్పు తలగడది కాకపోవచ్చు!

ఒక చిన్న లెక్క చూద్దాం. 43 అంగుళాల టీవీ కింది అంచు నేలకు అయిదడుగుల ఎత్తులో ఉందనుకోండి. అప్పుడు తెర మధ్యభాగం దాదాపు 70 అంగుళాల ఎత్తులో ఉంటుంది. సోఫాలో కూర్చున్నవాళ్ల కళ్లు ఉండేది 40 అంగుళాల దగ్గర. ఏడడుగుల దూరం నుంచి చూడాలంటే చూపును సుమారు 20 డిగ్రీలు పైకెత్తాలి. మన కంటికి సుఖం ఎదురుగా చూడటం, లేదంటే కాస్త కిందికి చూడటం. పుస్తకం చదివేటప్పుడు చూపు ఎటుంటుందో గుర్తుచేసుకోండి.

కళ్లకూ ఇబ్బందే. పైకి చూసేటప్పుడు రెప్పలు బాగా తెరుచుకుంటాయి. కంటి తడి త్వరగా ఆరిపోతుంది. అసలే టీవీకి అతుక్కుపోయినప్పుడు రెప్పవేయడం తగ్గుతుంది. పైగా ఫ్యాను గాలీ, ఏసీ గాలీ సూటిగా మొహానికి తగులుతుంటే కళ్లు మండకుండా ఎలా ఉంటాయి?

ముందు కూర్చోండి... తర్వాతే కొలవండి

పరిష్కారం చాలా తేలిక. టీవీ బిగించే ముందు మీరు రోజూ కూర్చునే చోట, రోజూ కూర్చునే తీరులోనే కూర్చోండి. నిటారుగా కాదు, హాయిగా వెనక్కి ఆనుకునే! ఇంకొకరితో నేల నుంచి మీ కంటిదాకా టేపు పట్టించండి. సోఫా అయితే 38 నుంచి 42 అంగుళాలు వస్తుంది. తెర మధ్యభాగం అంతే ఎత్తులో ఉండాలి. రెండు మూడు అంగుళాలు అటూఇటూ అయినా ఫర్వాలేదు. కిందికైతే మరీ మంచిది.

ఆ లెక్కన 43 అంగుళాల టీవీ కింది అంచు నేలకు రెండున్నర అడుగుల ఎత్తులో వస్తుంది. 55 అంగుళాలదైతే రెండడుగుల పైచిలుకు. ‘అంత కిందికా!’ అనిపిస్తుంది. గోడమీద పెన్సిల్‌తో గీతలు గీసి, టీవీ సైజులో పాత పేపర్లు అతికించి ఒకరోజు ఉంచండి. కూర్చుని చూస్తే కంటికి అదే సరైన చోటని మీకే తెలుస్తుంది.

మన ఇళ్లలో ఇంకో సంగతుంది. అందరూ సోఫాలోనే కూర్చోరు. నానమ్మ చాపమీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తూ సీరియల్ చూస్తుంది. నేలమీద కూర్చుంటే కళ్లు 30 అంగుళాల లోపే ఉంటాయి. ఇద్దరికీ మధ్యస్థంగా తెర నడిభాగాన్ని 36 అంగుళాల దగ్గరికి దించితే గొడవే లేదు. తాతయ్య దివాన్ మీద పడుకుని చూస్తారా? ఆయనది బైఫోకల్ కళ్లద్దమైతే పడుకున్నప్పుడు చూపు కింది సగంలోంచి పోతుంది. అది చదవడానికి ఇచ్చిన పవరు. అందుకే బొమ్మ మసకబారుతుంది. టీవీ పాడైందని మెకానిక్‌ను పిలవక్కర్లేదు. వీపు వెనక దిండు పెట్టి కూర్చోబెడితే చాలు.

‘ఇప్పటికే పైన బిగించేశాం, ఎలా?’ అంటారా? కిందికి దించి, పాత రంధ్రాలను పుట్టీతో పూడ్చి రంగు వేయించడం అన్నిటికన్నా మంచిది. అది కుదరకపోతే తెరను ముందుకు వంచే టిల్ట్ బ్రాకెట్ మార్పించుకోండి. మెడ శ్రమ పూర్తిగా పోదుగానీ బొమ్మ మాత్రం తిన్నగా కనిపిస్తుంది.

ఎంత హాలుకు అంత టీవీ

తెర కొలతకు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దూరంలో కూర్చోవడం బాగుంటుంది. 32 అంగుళాల టీవీకి నాలుగు నుంచి అయిదున్నర అడుగులు, 43కి అయిదున్నర నుంచి ఏడు, 55కి ఏడు నుంచి తొమ్మిది. షాపులో విశాలమైన హాల్లో చూసి ముచ్చటపడి 65 అంగుళాలది తెచ్చుకుంటే, పదడుగుల గదిలో సోఫా, నడవడానికి దారి పోగా మిగిలేదెంత? కొనకముందే కొలుచుకోవాలి.

దగ్గర కూర్చుంటే కళ్లు పోతాయని పిల్లల్ని కసురుతుంటాం. దగ్గర కూర్చున్నంతమాత్రాన చూపు పోదు. కానీ ఎన్నిసార్లు వెనక్కి జరిపినా పిల్లాడు మళ్లీ మళ్లీ టీవీ దగ్గరికే పోతున్నాడంటే దూరంవి సరిగ్గా కనిపించడం లేదేమో ఆలోచించాలి. అది తిట్టాల్సిన విషయం కాదు, కంటి డాక్టర్‌కు చూపించాల్సిన విషయం.

కిటికీ ఎటుంది?

టీవీ ఆగ్నేయంలో ఉండాలని కొందరంటారు. దిక్కు ఏదైనా ముందు కిటికీ సంగతి చూసుకోండి. తెరకు ఎదురుగా కిటికీ ఉంటే పగలంతా బొమ్మకు బదులు కొబ్బరిచెట్టు కనిపిస్తుంది. తెర వెనకే కిటికీ ఉంటే ఆ వెలుగుకు కళ్లు చికిలించాలి. కిటికీ పక్కకు ఉండే గోడ మేలు. వేరే గోడ లేకపోతే మందపాటి కర్టెన్ వేసుకోవాలి.

రాత్రిపూట అన్ని లైట్లూ ఆర్పి సినిమాహాల్లా చేసుకోవడం చాలామందికి సరదా. చీకట్లో వెలిగే తెరను చూస్తే కళ్లు త్వరగా అలసిపోతాయి. టీవీ వెనకో, పక్కనో చిన్న దీపం వెలగనివ్వండి. దాని వెలుగు తెరమీద పడకుండా చూసుకోండి. షాపులో ధగధగలాడటానికి పెట్టిన వివిడ్ మోడ్‌ను ఇంట్లో స్టాండర్డ్‌కో, సినిమా మోడ్‌కో మార్చుకుంటే కంటికి హాయి.

గోడకు బలముందా?

టీవీ వెనక నాలుగు మరల రంధ్రాలుంటాయి. వాటి మధ్య దూరాన్ని వెసా కొలత అంటారు. 200 బై 200 మిల్లీమీటర్లు, 400 బై 400... ఇలా ఉంటుంది. బ్రాకెట్ ఆ కొలతకూ, టీవీ బరువుకూ సరిపోవాలి. టీవీని కదలకుండా పట్టి ఉంచేవి, ముందుకు వంచేవి, చేయిలా బయటికి లాగి ఏ పక్కకైనా తిప్పుకునేవి అని బ్రాకెట్లు మూడు రకాలు. సోఫాలు ఎల్ ఆకారంలో ఉన్న హాలుకు మూడోది అనువు. అయితే చెయ్యి బయటికి లాగినకొద్దీ పై బోల్టుల మీద లాగుడు పెరుగుతుంది. గోడ గట్టిదైతేనే దాని జోలికి వెళ్లాలి.

కాంక్రీటుకూ, ఎర్ర ఇటుక గోడకూ మామూలు ప్లగ్గులు పట్టు ఇస్తాయి. కొత్త అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల కడుతున్న తేలికపాటి ఏఏసీ బ్లాకులకు వాటికోసమే తయారైన ప్లగ్గులు వాడాలి. జిప్సమ్ పార్టిషన్ అయితే లోపలి ఫ్రేముకే బిగించాలి. పైపూత సిమెంటు అరంగుళం దాకా ఉంటుంది. మర అందులోనే ఆగిపోతే పట్టు ఉండదు, ఇటుకలోకి దిగాలి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా, కిందా రంధ్రం వేయనివ్వకండి. గోడలోపల కరెంటు పైపు సాధారణంగా అటే పోతుంది. అవతల బాత్రూమ్ ఉన్న గోడ అయితే నీటి పైపులు ఎటున్నాయో తెలుసుకోండి. చెమ్మ ఎక్కిన గోడ అసలే వద్దు. ఆఖరున రసమట్టం పెట్టి చూడమనండి. వంకర టీవీని రోజూ చూడటం ఎంత చిరాకో!

అద్దె ఇల్లు, ఓనరు మేకు కొట్టనివ్వడా? బాధపడకండి. 20 అంగుళాల ఎత్తున్న బల్లమీద 43 అంగుళాల టీవీ పెడితే తెర నడిభాగం 33 అంగుళాల పైన వస్తుంది. గోడకు ఎత్తుగా తగిలించినదానికన్నా ఇదే నయం!

పడితే... పిల్లలమీదే

అయితే బల్లమీది టీవీతో ఒక పెద్ద ప్రమాదం ఉంది. పల్చటి టీవీ చిన్న కాళ్లమీద నిలబడుతుంది. రెండు మూడేళ్ల పిల్లలు సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతారు. అంచు పట్టుకుంటే టీవీ సరిగ్గా వాళ్ల తలమీదే పడుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో గోడకు బిగించడమే మేలనడానికి అసలు కారణం ఇదే. గట్టిగా బిగిస్తే చాలు, అందనంత ఎత్తు అవసరం లేదు. బల్లమీదే ఉంచాల్సివస్తే బల్లను గోడకు ఆనించండి. టీవీ వెనకనుంచి బల్లకో గోడకో పట్టీ కట్టండి. ఆటబొమ్మలు, రిమోట్ టీవీ పక్కన పెట్టకండి. వాటికోసమే పిల్లలు ఎక్కేది! వేలాడే వైర్లు కూడా చేతికి అందకూడదు.

తలుపులున్న టీవీ గుర్తుందా?

ఆ రోజుల్లో కొన్ని టీవీలకు చెక్క తలుపులుండేవి. వార్తలయ్యాక మూసేసేవారు. పరీక్షలొస్తే తాళం పడేది. తాళంచెవి అమ్మ కొంగున ఉండేది. ఇప్పటి టీవీకి తలుపుల్లేవు. అందుకే అది ఏ గోడకు ఉందన్నది అంత ముఖ్యం. పడగ్గదిలో పెడితే నిద్రలోంచి గంట తినేస్తుంది. భోజనాల బల్లకు ఎదురుగా పెడితే ఎంత తిన్నామో తెలియదు, ఏ కూర తిన్నామో అంతకన్నా తెలియదు. పిల్లలు చదువుకునే చోటికి కనిపిస్తే ఒక కన్ను అటే ఉంటుంది. హాల్లో, అందరూ కలిసి కూర్చునే చోట ఒక్క టీవీ చాలు.

రెండేళ్లలోపు పిల్లలకు ఏ తెరా వద్దనీ, అయిదేళ్లలోపు వాళ్లకు పెద్దల సమక్షంలో రోజుకు గంట మించకూడదనీ, పదేళ్లలోపు వాళ్లకు రెండు గంటలలోపే ఉండాలనీ ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఆ లెక్కలో టీవీ, ఫోను, ట్యాబ్... అన్నీ కలిపే! పెద్దలకూ కొన్ని నియమాలు మంచివే. ప్రకటనలు రాగానే లేచి నాలుగడుగులు వేయండి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై సెకన్లపాటు గుమ్మం బయటి చెట్టునో, వీధి చివరనో చూడండి. సీరియల్ అయిపోతే ‘ఇంకేం వస్తుందో’ అని చూడకుండా స్విచ్‌బోర్డు దగ్గరికి వెళ్లి ఆర్పేయండి. ఈరోజుల్లో మన టీవీకి ఉన్న తలుపు అదే.

సాయంత్రం అందరూ టీవీ ముందు చేరాక ఒక్క నిమిషం తెరను వదిలి మనవాళ్ల తలలకేసి చూడండి. గడ్డాలన్నీ పైకి లేచి ఉన్నాయా? అయితే టేపు ఎక్కడ పెట్టారో వెతుక్కోండి మరి!