అలంకారం సరే, బయటపడే దారి ఏది?

రాళ్ల గుట్టల నడుమ పల్లెగా ఉండిన పుప్పాలగూడ నేడు ఆకాశహర్మ్యాల పేట అయింది. పక్కనే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కోసం ఈ ప్రాంతమంతటా ఖరీదైన రెస్టారెంట్లు, నైట్ క్లబ్బులు వెలిశాయి. వంటకాలకన్నా అలంకరణలోనే పోటీ. ఒకరు అడవిని దించితే మరొకరు సముద్రతీరాన్ని దించుతారు. కృత్రిమ తీగలు, వెదురు కప్పులు, మెత్తని గోడలు, మసక వెలుతురు. కంటికి ఇంపుగానే ఉంటుంది. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

అయితే ఈ సొగసులో చాలా భాగం ఇట్టే అంటుకునే సరుకు. 1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ క్లబ్బు తగులబడి 492 మంది మరణించారు. దానిని కొబ్బరితోటలా ముస్తాబు చేశారు. ఉత్తుత్తి చెట్లు, పైన గుడ్డ కప్పు. మంటలు నిమిషాలలో వ్యాపించాయి. ముందున్న తిరుగుడు తలుపు జనం ఒత్తిడికి బిగుసుకుపోయింది. కొన్ని తలుపులకు తాళాలున్నాయి. 2013 జనవరిలో బ్రెజిల్‌లోని కిస్ క్లబ్బులో, శబ్దం బయటకు పోకుండా కప్పుకు అంటించిన ఫోమ్ రాజుకుని 242 మంది బలయ్యారు.

ఇవి దూరదేశాల కథలని సరిపెట్టుకోలేము. ముంబయి కమలా మిల్స్‌లో 2017 డిసెంబరులో 14 మంది, గోవాలోని అర్పోరాలో 2025 డిసెంబరులో 25 మంది ఇలాగే పోయారు. అర్పోరా మృతులలో అత్యధికులు అక్కడి సిబ్బందే. అతిథి ఒక పూట కూర్చుని వెళ్లిపోతాడు. వంటవాడు, వడ్డించేవాడు రోజూ అక్కడే ఉండాలి. బతుకుతెరువుకు ఊరు విడిచి వచ్చిన పిల్లలు వారు.

ఇలాంటి చోట మంటకన్నా ముందు పొగ చంపుతుంది. మసక వెలుతురులో, పొగలో తలుపు కనబడదు. అందం చెడుతుందని బయటికి దారి చూపే దీపాన్ని తీసేయడం, తలుపును బొమ్మల గోడలో కలిపేయడం, వెనుక మెట్లమీద సీసాల పెట్టెలు పేర్చడం ప్రాణాలతో చెలగాటమే.

భవనానికి అనుమతి ఇచ్చేనాటికి గోడలు బోడిగా ఉంటాయి. ఆ తర్వాత అద్దెదారు లోపల ఏమి దించాడన్నదే అసలు ప్రశ్న. అందువల్ల అలంకరణ మార్చినప్పుడల్లా అగ్నిమాపక శాఖ మళ్లీ తనిఖీ చేయాలి. ఆ తనిఖీ సోమవారం ఉదయం ఖాళీ హాలులో కాక, శనివారం రాత్రి జనం కిక్కిరిసినప్పుడు జరగాలి. రెండవ దారి తెరిచి లేనిచోట ఆబ్కారీ శాఖ లైసెన్సును పునరుద్ధరించరాదు. లోపల ఎందరు పట్టేదీ గుమ్మం వద్ద తెలుగులో రాసి పెట్టించాలి. లక్షలు పోసి అలంకరించే యజమానులకు ఇదేమీ పెద్ద ఖర్చు కాదు. ప్రమాదం జరిగాక విచారణ సంఘాలు వేయడం కన్నా అధికారులు ఇప్పుడే కదలడం మంచిది.