నీడ లేని ఫోటో అబద్ధం

రాత్రిపూట ఫోన్ ఫ్లాష్ కొట్టి చెక్కపని ఫోటోలు తీసేవాళ్లందరికీ చెబుతున్నాను. మీరు వడ్రంగి కష్టాన్ని మట్టిలో కలుపుతున్నారు.

ఆ పాపం నేనూ చేశాను. ప్రత్తిపాడు దగ్గర మా పల్లెలో వడ్రంగి బాబాయి నెల రోజులు కూర్చుని టేకు తలుపు రెక్క మీద తామరపువ్వు చెక్కాడు. నేను దాన్ని రాత్రి ఫ్లాష్ వేసి తీసి పంపాను. కొనేవాడు చూసి "మెషీన్ పనేగా, రేటు తగ్గించండి" అన్నాడు. బాబాయి నోరు మెదపలేదు. ఉలి తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

తప్పు ఆ ఫ్లాష్‌ది, దాన్ని నొక్కిన నాది. ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది. వెలుగు ఎదురుగా వెళ్లి గుద్దుకుంటే నీడలు కనబడకుండా పోతాయి, వార్నిష్ మీద తెల్ల మచ్చ మిగులుతుంది. నీడ లేనిచోట లోతు లేదు. లోతు లేకపోతే ఉలితో చెక్కిన రేకుకీ అచ్చొత్తిన ఎండీఎఫ్ పలకకీ తేడా ఎవరికి తెలుస్తుంది? చదును వెలుగు నకిలీ సరుకుకే కొమ్ము కాస్తుంది!

మర్నాడు పొద్దున బల్బులన్నీ ఆర్పేశాం. వెలుగు రంగు కొలతలో పసుపు బల్బు 2700 కెల్విన్ల దగ్గర, పగటి వెలుగు 5500 పైన. రెండూ కలిస్తే ఒకే చెక్క ఒకవైపు పసుపుగా, ఇంకోవైపు నీలంగా పడుతుంది. ఎండ నేరుగా రాని ఉత్తరపు కిటికీకి పక్కవాటుగా రెక్కను నిలబెట్టాం. మంచి రేటు వచ్చేదాకా అమ్మకుండా ఇంట్లో పోసి ఉంచిన పత్తి కుప్ప రెండోవైపు తెల్లగా వెలుగు తిప్పికొట్టింది. పత్తి లేనివాళ్లకి తెల్ల పంచె చాలు. ప్రతి రేకు అంచునా వెంట్రుకవాసి నీడ లేచింది. చేవ చారలు పైకి తేలాయి. ఆ ఫోటో పంపితే అదే కొనేవాడు రేటు ఊసెత్తలేదు, ఎన్నాళ్లు పట్టిందని అడిగాడు.

కల్లంలో తీద్దామనకండి. ఆరబోసిన మిరపకాయల ఎరుపు చెక్క మీద పడి టేకు రంగే మారిపోతుంది. ఫిల్టర్లూ వద్దు. వేపచెక్కకు టేకు రంగు పులిమి చూపడం మోసం.

ఉదయగిరి చెక్క చెంచాలకూ కొండపల్లి బొమ్మలకూ ఏటికొప్పాక లక్కబొమ్మలకూ భౌగోళిక గుర్తింపు ఇచ్చారు, సంతోషం. కానీ కొనేవాడు ముందు చూసేది ఫోటోనే. ఉలి పట్టడం నేర్పే ప్రతిచోటా కిటికీ వెలుగు పట్టడమూ నేర్పాలి.

నెల రోజులు చెక్కకు అంకితమైన మనిషికి మీరు ఒక్క పొద్దుటిపూట ఇవ్వలేరా?