పాలమూరు పల్లెకు టీవీ ముందొచ్చింది

హైదరాబాద్ నగరానికి దూరదర్శన్ ప్రసారాలు 1977లో మొదలయ్యాయి. పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ జిల్లాలోని కొన్ని పల్లె బడుల్లో పిల్లలు అంతకు రెండేళ్ల ముందే టీవీ చూశారు. అదీ బొమ్మల కోసం కాదు, పాఠాల కోసం.

ఉపగ్రహం ద్వారా పాఠాలు చూపిన ఆ ప్రయోగం పేరు సైట్. 1975 ఆగస్టు 1 నుంచి సరిగ్గా ఏడాది నడిచింది. ఏటీఎస్-6 ఉపగ్రహం నాసాది, కార్యక్రమాలు మనవి. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లలో, కోళ్లగూళ్లకు కట్టే ఇనుప జాలీతో చేసిన పదడుగుల యాంటెన్నాలు నిలబెట్టారు. కరెంటు లేనిచోట బ్యాటరీలు పెట్టారు. పొద్దున తెలుగు పిల్లల వంతు ఇరవై రెండున్నర నిమిషాలే. అయిదు నుంచి పన్నెండేళ్ల వాళ్లంతా ఒకచోట కూర్చుని చూసేవాళ్లు.

అసలు విశేషం ఉపగ్రహం కాదు. పిల్లలకు ఏం అర్థమైందో, ఏం కాలేదో ఇస్రో సామాజిక శాస్త్రవేత్తలు పల్లెలకు వెళ్లి అడిగారు, కొందరు అక్కడే కాపురముండి గమనించారు. మార్కులు పెద్దగా పెరగలేదు. భాష మెరుగుపడింది, బడి బయటి సంగతులు తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగింది. అంత ఖర్చు పెట్టి ఇంతేనా అని పెదవి విరిచేవాళ్లకు ఈ ఫలితం చిన్నదే కావచ్చు. పుస్తకం దొరకని ఇంటి పిల్లకు మాత్రం కాదు.

ఏడాది గడిచింది, ఉపగ్రహం వెళ్లిపోయింది. 1983లో ఇన్శాట్-1బి వచ్చాక చదువు ప్రసారాలు మళ్లీ ఊపందుకున్నాయి. తర్వాత కేబుల్, కార్టూన్లు, ఇప్పుడు ఫోను. 2008లో మొదలైన ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లోనే. వినోదంగా ఓకే, దాన్ని చదువు అనలేం.

2020 సెప్టెంబరు 1న కొవిడ్ వేళ తెలంగాణ ప్రభుత్వం తన ఉపగ్రహ ప్రసార వ్యవస్థ టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలుపెట్టింది. అవి మూడో తరగతి, ఆపైవాళ్లకే. ఒకటి, రెండు తరగతులవాళ్లు లెక్కలోకి రాలేదు, అంగన్‌వాడీ పిల్లల మాట సరేసరి. కూలికి పొద్దున్నే వెళ్లే ఇళ్లలో ఆ వయసు పిల్లల చేతికి దక్కేది ఫోనే. పక్కన కూర్చుని 'ఏం చూసినవ్ బిడ్డా' అని అడిగే మనిషి ఉండదు. 1975తో పోలిస్తే బొమ్మలు వెయ్యి రెట్లు పెరిగాయి, ఆ ఒక్క ప్రశ్న కరువైంది.

టీ-శాట్‌కు విద్య, నిపుణ అని రెండు ఛానళ్లున్నాయి, స్టూడియో ఉంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు ఇరవై నిమిషాలు ఇవ్వడం దానికి భారం కాదు. అది పాలమూరు, నల్లగొండ పిల్లలు ఇంట్లో వినే మాటల్లో ఉండాలి, అంగన్‌వాడీ టీచరు పక్కన ఉండగా చూపించాలి. దేవరకొండ తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలకు, అమ్రాబాద్ చెంచు పెంటల్లోని పిల్లలకు ముందుగా చూపించి, వాళ్లకు ఎక్కడ అర్థం కాలేదో రాసుకుని, అప్పుడు రాష్ట్రమంతటికీ ప్రసారం చేయాలి.