పేరు పెట్టేవాళ్లను నిలుపుకోవాలి

ఆస్ట్రేలియాలోని కంగారూ దీవిలో సైప్రస్ పైన్ చెట్ల మీద బంగారు, ఊదా రంగుల్లో మెరిసే ఓ చిట్టి చిమ్మట దొరికింది. ప్యూపా నుంచి బయటికొచ్చిన రోజే జతకట్టి, గుడ్లు పెట్టి కన్నుమూస్తుంది. తెలిసిన ఏ కుటుంబంలోనూ ఇమడకపోవడంతో 2015లో దానికోసం ఏకంగా కొత్త కుటుంబాన్నే ఏర్పరిచారు.

ఇలాంటి గుర్తింపు వెనక ఎంత ఓపిక కావాలి! 19వ శతాబ్దంలో అదే దేశంలో న్యూకాసిల్ దగ్గరి ఆష్ దీవిలో హారియెట్, హెలెనా స్కాట్ అక్కచెల్లెళ్లు గొంగళిపురుగుల్ని పెంచి, అవి తినే మొక్కతో సహా ఒక్కో దశనూ బొమ్మ గీశారు. తండ్రి రచనతో కలిసి ఆ బొమ్మలు 1864లో అచ్చయ్యాయి.

అయినా ఆస్ట్రేలియాలో ఇప్పటికి పేరున్న చిమ్మటలు, సీతాకోకచిలుకలు దాదాపు పదివేల జాతులే. పేరు లేనివి ఇంకా వేలల్లో ఉన్నాయి.

బొగోంగ్ చిమ్మటనే చూడండి. ఎండాకాలం గడపడానికి వందల కిలోమీటర్లు ఎగిరి కొండగుహలకు చేరుతుంది. 1832లోనే పేరు పడింది కాబట్టి, 2017 తర్వాత గుహలు వెలవెలబోతే పరిశోధకులు ఇట్టే పసిగట్టారు. 2021లో దాన్ని అంతరించే ముప్పున్న జీవిగా అంతర్జాతీయ రెడ్ లిస్టులో చేర్చారు. పేరే లేని పురుగు తగ్గిపోతే లెక్కగట్టేదెవరు? అందుకే జాతుల్ని గుర్తించి పేర్లు పెట్టే వర్గీకరణ నిపుణులకు తాత్కాలిక ప్రాజెక్టులు చాలవు. శాశ్వత ఉద్యోగాలివ్వాలి, పెద్దలు పదవీ విరమణ చేసేలోపే కుర్రవాళ్లను వాళ్ల పక్కన కూర్చోబెట్టాలి.